రేకుల కింది ఎండ, గడప దాటిన వాన

నగరాల్లోని పేద బస్తీల మీద వాతావరణ మార్పు ప్రభావం గురించి గత సంచికలో ప్రచురించిన వ్యాసానికి పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ జవాబు రాసే చోటు లేనందువల్ల ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్న కింద కలిపాను. పేర్లు వేయవద్దని పలువురు కోరారు కాబట్టి ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఎండకూ వానకూ పేద, ధనిక భేదం ఉండదు కదా. ఈ వేసవిలో మా ఇంట్లోనూ ఉక్కపోత భరించలేకపోయాం. ప్రతి సమస్యనూ పేదరికంతో ముడిపెట్టినట్టే దీన్నీ ముడిపెడుతున్నారని నా అనుమానం.
— విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: ఎండ అందరి మీదా ఒకేలా పడుతుందన్న మాట నిజమే. ఒంటికి తగిలేసరికి మాత్రం అది ఒకేలా ఉండదు. మధ్యలో ఇంటి కప్పు, చేసే పని, దొరికే నీళ్లు, రాత్రి పట్టిన నిద్ర అడ్డుపడతాయి, లేదా అడ్డుపడకుండా పోతాయి. మీ ఇంటికి కాంక్రీటు శ్లాబు, ఎదురెదురు కిటికీలు, ఫ్రిజ్‌లో చల్లని నీళ్లు ఉండి ఉంటాయి. మీ ఇంట్లో పనిచేసి వెళ్లే మనిషి ఇంటికి సిమెంటు రేకులో ఇనుప రేకులో ఉంటాయి. పలుచని రేకు ఉదయం పదింటికల్లా కాగి, ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి ఆ వేడిని తిన్నగా నెత్తి మీదికి దింపుతుంది. మూడు వైపులా పక్కవారి గోడలే కాబట్టి గాలి రావడానికి తలుపు తప్ప దారి లేదు. ఆ తలుపు కూడా రాత్రి దొంగల భయంతోనో దోమల భయంతోనో మూసుకోవలసిందే.

మనలో చాలామంది పగటి ఉష్ణోగ్రతనే పట్టించుకుంటాం కాని, నగరంలో అంతకన్నా బాధించేది రాత్రి. పగలంతా వేడిని తాగిన తారు రోడ్డూ సిమెంటు గోడలూ చీకటి పడ్డాక దాన్ని వదులుతాయి. పగలు అలసిన గుండె, మూత్రపిండాలు రాత్రి చల్లబడితేనే తేరుకుంటాయి. వరుసగా నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపట్టని మనిషి ఐదో రోజు అదే ఎండలో తట్టమోస్తే, ఆ రోజు ఎండ అతనికి రెట్టింపు. 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన నివేదిక చెబుతుంది. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. సగటు అంతమాత్రం జరిగినా, మునుపు పదేళ్లకోసారి వచ్చే విపరీతమైన రోజులు తరచుగా రావడం మొదలవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె మనకు కొత్త కాదు. ఆ కార్తె మార్చిలోనే వచ్చి కూర్చోవడం కొత్త.

కూలి సంగతి కూడా చెప్పాలి. "ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా బయటికి రావద్దు" అని ప్రతి వేసవిలో ప్రకటనలు వస్తాయి. అడ్డా మీద నిలబడే కూలీకి ఆ సలహా విలువ ఒక రోజు కూలి. ఆకుకూరలమ్మే ఆమె బుట్టలోని తోటకూర మధ్యాహ్నానికి వాడిపోతే పొద్దున చెప్పిన ధర సాయంత్రం చెప్పలేదు. ఇస్త్రీ బండి వాడు ఎండకు తోడు బొగ్గుల వేడినీ భరిస్తాడు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక బిందెలు వరుసలో పెట్టి కూర్చున్న ఇల్లాలు ఆ పూట పనికి పోలేదు. ఒక్కొక్కటి చూస్తే వంద, రెండు వందల నష్టం. విపత్తు అనిపించుకోదు, పత్రికలో రాదు, ఏ ఖాతాలోనూ నమోదు కాదు. వేసవి మూడు నెలలూ కూడితే ఒక చిట్టీ ఆగిపోతుంది, లేదా నూటికి ఐదు వడ్డీకి ఒక అప్పు మొదలవుతుంది.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు. పైన సిమెంటు రేకులు. ఇద్దరు పిల్లలు, మంచాన పడిన అత్తగారు. కుట్టుపని కాబట్టి పగలంతా ఇంట్లోనే ఉండాలి. రేకులకు సున్నం వేస్తే చల్లబడుతుందంటున్నారు, నిజమేనా? ఫ్యాను వేస్తే వేడిగాలే వస్తోంది.
— ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: నిజమేనమ్మా. తెల్లని కప్పు ఎండను చాలావరకు వెనక్కి తిప్పి పంపుతుంది. ఇంటిని బట్టి లోపలి వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గవచ్చు. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2017 నుంచి పేదల ఇళ్ల కప్పులకు తెల్లరంగు వేయించే పని ఇందుకే మొదలుపెట్టింది. సున్నం చవక, కాని ఒక వానాకాలం దాటితే కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఎండను తిప్పికొట్టే ప్రత్యేకమైన రంగు ఖరీదైనా కొన్నేళ్లు నిలుస్తుంది. ఫిబ్రవరి చివర వేసుకుంటే వేసవి మొత్తానికీ పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు మరువవద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. దాన్ని పొడిగా గీకినా, బెజ్జాలు వేసినా ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి మెత్తని చీపురుతో కడిగి, ఆరాక రంగు వేయించండి. పైకెక్కిన మనిషి రేకు మీద కాలు పెడితే అది విరిగి కింద పడే ప్రమాదం ఉంది కాబట్టి కింది దూలాలకు ఆనేలా చెక్కపలక వేసుకుని దాని మీదే నడవాలి. ఇంటి యజమానికి ముందే చెప్పండి. అద్దెలో కొంత తగ్గించమని అడగడం తప్పు కాదు, ఇల్లు బాగుపడేది ఆయనదే. లోపల థర్మోకోల్ అట్టలు కట్టించుకుంటున్నవారిని చూశాను. ఇరుకింట్లో పొయ్యి పక్కన అది నిప్పుకు ఎదురుచూసే సరుకు. వెదురు తడకను రేకుకు జానెడు కిందుగా కట్టి, మధ్యలో గాలి ఆడేలా చేయడం మేలు.

ఫ్యాను విషయంలో మీ అనుభవమే శాస్త్రం కూడా. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచదని, పైగా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలాంటప్పుడు ఒంటి మీద తడిగుడ్డ వేసుకుంటే కొంత ఊరట. హైదరాబాద్ పొడి ఎండకు తలుపుకు తడి గోనెపట్టా కట్టడం పనిచేస్తుంది; విజయవాడ, విశాఖ పాఠకులు మాత్రం ఇది చేస్తే గదిలో తేమ పెరిగి ఉక్క ఎక్కువవుతుంది. మీ అత్తగారి వయసువారికి దాహం సరిగ్గా తెలియదు. అడిగేదాకా ఆగకుండా గంటకోసారి కొద్దికొద్దిగా నీళ్లు పట్టండి. ఆమె బీపీకో గుండెకో మాత్రలు వాడుతుంటే, వేసవిలో మోతాదు మార్చాలా అని బస్తీ దవాఖానాలో డాక్టరును అడగండి, మీ అంతట మీరు ఆపవద్దు.

ఈ సందర్భంలో ఒక మాట. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, మన దేశంలో అలాంటివి అరుదు, మెచ్చుకోవలసిందే. ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్లకూ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు అంతకు మించిన స్థలంలోని నివాసాలకూ అది తప్పనిసరి. అంతకన్నా చిన్న స్థలాల్లో సొంతంగా కట్టుకున్నవారికి ఐచ్ఛికం. అరవై గజాల్లో రేకులేసుకున్న మనిషికి "మీ ఇష్టం" అని చెప్పడంలో తప్పేమీ లేదు. ఇష్టంతో పాటు ఒక డబ్బా రంగు కూడా చేతికివ్వాలి, అంతే.

ప్రశ్న: మా బాబాయి తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం బండి దగ్గరే కుప్పకూలిపోయాడు. ఆసుపత్రిలో గుండెపోటు అని రాసిచ్చారు. వడదెబ్బ అని రాయించుకోవలసిందని ఇప్పుడు అందరూ అంటున్నారు.
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీ కుటుంబానికి నా సానుభూతి. రాసిన డాక్టరు అబద్ధం రాశారని అనుకోవద్దు. వేడికి చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, చర్మానికి ఎక్కువ రక్తం పంపేందుకు గుండె వేగంగా కొట్టుకుంటుంది. అప్పటికే బలహీనమైన గుండె అక్కడ ఆగిపోతుంది. కాగితం మీద చివరి కారణం గుండె, అసలు కారణం ఎండ. అహ్మదాబాద్‌లో 2010 మే నెలలో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ తర్వాత పరిశోధకులు ఆ నెలలో నగరంలో సంభవించిన మొత్తం మరణాలను 2009, 2011 సంవత్సరాల మే నెలలతో పోల్చి చూస్తే 1,344 మరణాలు అదనంగా తేలాయి. అందులో వడదెబ్బ అని నమోదైనవి చాలా కొద్ది. ఆ లెక్క బయటపడిన తరువాతే 2013లో ఆ నగరం దక్షిణాసియాలో మొదటిదైన వేసవి కార్యాచరణ ప్రణాళిక చేసుకుంది. లెక్క ముందు వచ్చింది, పని తరువాత మొదలైంది. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వాలు ప్రకటించాక గాని వడగాడ్పులు మనకు పెద్ద వార్త కాలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణిస్తే కుటుంబానికి నాలుగు లక్షల రూపాయలు ఇస్తామంది. అంతకుముందు ఇచ్చింది యాభై వేలే. సొమ్ము రావాలంటే మరణ కారణం నిర్ధారణ కావాలి. తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై ఉండే ముగ్గురు సభ్యుల మండల కమిటీ ఆ పని చేస్తుంది. పోస్టుమార్టం నివేదిక, ఆ సమయంలో మనిషి ఎండలో పనిచేస్తున్నాడని చెప్పే సాక్షులు ఇందుకు ముఖ్యం. దుఃఖంలో ఉన్న ఇంట్లో పోస్టుమార్టం మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా వీధిలో అపార్టుమెంటు వాచ్‌మన్ ఒకాయన ఇలాగే పోయినప్పుడు, శవాన్ని కోయనివ్వవద్దని ఆయన భార్య మా కాళ్లు పట్టుకుంటే మేమందరం సరేనన్నాం. తరువాత ఆమె ఒక కార్యాలయం చుట్టూ ఆరు నెలలు తిరిగింది. చేతిలో కాగితం లేని మనిషికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. మీ బాబాయి విషయంలో పోస్టుమార్టం జరిగి ఉంటే ఆ నివేదిక, ఆసుపత్రి కేసు షీటు తీసుకుని తహసీల్దారుకు దరఖాస్తు పెట్టండి. జరగకపోతే ఆశ తక్కువే, అయినా దరఖాస్తు మానవద్దు.

ప్రశ్న: మందుల షాపుల్లో డబ్బాల్లో అమ్మే ఓఆర్‌ఎస్ పానీయాలు వేసవిలో పిల్లలకు తాగించవచ్చా?
— అంగన్‌వాడీ టీచర్, రాజమహేంద్రవరం

జవాబు: ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన వాటిలో చాలావాటికి అసలు ఓఆర్‌ఎస్‌తో సంబంధం లేదు, అవి తీపి నీళ్లు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ముద్రించిన పొడి పొట్లం కొనండి. అదీ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలిచి కలపండి. మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏదీ పోయవద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో మా ఇంట్లో వారం పాటు నీళ్లున్నాయి. బుడమేరు గట్టు తెగడం వల్లే అని కొందరు, ఆక్రమణల వల్ల అని కొందరు, వాతావరణ మార్పు అని టీవీలో కొందరు అన్నారు. ఇంతకీ ఏది నిజం?
— ఆటో డ్రైవరు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మూడూ నిజమే, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పడుతుంది. అందుకే నెల వాన ఒకటి రెండు రోజుల్లో కురిసే సందర్భాలు పెరుగుతున్నాయి. మైలవరం వైపు కొండల్లో పడిన నీరు బుడమేరులోకి వస్తుంది. వరదను వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపడం పాత ఏర్పాటు. కృష్ణ ఖాళీగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బాగుంటుంది. 2024లో అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం, బ్యారేజీ చరిత్రలోనే అత్యధికం. నది తీసుకోకపోతే కాలువ ఎక్కడికి పోతుంది? గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆ నీరు పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల మీదికి వచ్చింది. ఆ పాత దారి ఇరుకైపోయి, ఇళ్లతో నిండిపోయి ఉంది.

"వాతావరణ మార్పు" అన్న మాటను అధికారులు సంతోషంగా వాడుకోవడం నేను గమనిస్తున్నాను. ఆ మాట అంటే ఎవరి తప్పూ ఉండదు, దేవుడి మీద వేసినట్టే. వాన పెరగడం మన చేతిలో లేదు. గట్టును ఏటా చూసుకోవడం, కాలువలో పూడిక తీయడం, రాత్రి నీళ్లు వచ్చేముందు వీధివీధినా మైకులో చెప్పడం చేతిలో ఉన్న పనులే.

మునిగిన ఇళ్లలో కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. ఆ తేడా పెట్టడం న్యాయమే, ఎందుకంటే చవక అద్దె ఉండేది కిందనే. కాని మీ ఆటో ఇంజనులోకి చేరిన బురద, పక్కింటామె కుట్టుమిషను మోటారు, నానిపోయిన బియ్యం, పిల్లల పుస్తకాలు, పట్టా కాగితాలు, పని లేని ఇరవై రోజులు, ఇవన్నీ లెక్కవేస్తే ఆ సొమ్ము ఎంతవరకు వచ్చిందో మీకే బాగా తెలుసు. ఒక సలహా మాత్రం ఇవ్వగలను: ఆర్‌సీ, ఆధార్, అద్దె రసీదుల ఫొటోలు ఫోనులోనే కాక డిజీలాకర్‌లోనూ పెట్టుకోండి. ఆటో బీమా చేయించేటప్పుడు వరద నష్టం కూడా చేరుతుందా అని అడగండి. చవకగా చేయించుకునే థర్డ్ పార్టీ బీమాలో అది ఉండదు.

ప్రశ్న: నాలా పక్కనా మూసీ ఒడ్డునా ఇల్లు కట్టుకున్నది వాళ్లే కదా, ముంపు కొనితెచ్చుకున్నట్టే. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తామన్నా కదలరెందుకు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మణికొండ

జవాబు: మూసీ ఒడ్డు ప్రమాదమని తెలియక ఎవరూ అక్కడ లేరు. 1908 సెప్టెంబరు వరద కథ పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం నడిబొడ్డున పని, నడిచిపోయేంత దూరంలో పెద్దాసుపత్రి, తక్కువ అద్దె, ఈ మూడూ కలిసి దొరికే జాగా ముంపు జాగానే. ఉదయం ఆరింటికి మొదటి ఇల్లు, పదింటికి నాలుగో ఇల్లు పూర్తిచేసే పనిమనిషిని పాతిక కిలోమీటర్ల అవతలికి పంపితే ఆమెకు ఇల్లు దొరుకుతుంది, నాలుగు ఇళ్లూ పోతాయి. చెన్నైలో 2015 వరదల తరువాత అడయార్, కూవం నదుల ఒడ్డుల నుంచి వేలాది కుటుంబాలను తరలించిన పెరుంబాక్కం కాలనీ, పళ్లికరణై చిత్తడి నేల పక్కనే ఉంది. ఒక ముంపు నుంచి తీసి మరో ముంపు పక్కన పెట్టారు.

2000 ఆగస్టు వరద తరువాత హైదరాబాద్ నాలాలను వెడల్పు చేయాలని కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ సంస్థ నివేదిక 2003లోనే చెప్పింది. 2020 అక్టోబరు 13న కుండపోత కురిసినప్పుడు చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్ మునిగింది, నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మునిగింది. కుటుంబానికి పది వేల సాయం కోసం జనం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు; నగరపాలక ఎన్నికలు వచ్చినందున నవంబరులో ఎన్నికల సంఘం పంపిణీ ఆపింది. 2024లో మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద తరలింపు కోసం ఎర్రరంగుతో గుర్తులు వేసినప్పుడు అక్కడివారిలో కలిగిన భయానికి ఈ జ్ఞాపకాలన్నీ కారణం. తరలించకూడదని నేను అనడం లేదు, నది గర్భంలో ఎవరూ ఉండకూడదు. బతుకుతెరువుకు ఐదారు కిలోమీటర్ల లోపల, ముందే మాట్లాడి, బడిపిల్లల పరీక్షలు అయ్యాక తరలించమంటున్నాను. ఇంకో మాట: చెరువు పక్కన రేకుల ఇల్లు కట్టుకుంటే ఆక్రమణ అంటున్నాం, అదే చెరువు పక్కన అపార్టుమెంటు కడితే "లేక్ వ్యూ" అని అడుగుకు ఎక్కువ ధర ఇస్తున్నాం.

ప్రశ్న: నేను పాలమూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో తాపీపని చేస్తున్నాను. ఎండ ఎక్కువైన రోజు పని ఆపితే కూలి ఇచ్చే పథకం ఏదైనా ఉందా?
— తాపీ మేస్త్రీ

జవాబు: నాకు తెలిసినంతలో అటువంటి ప్రభుత్వ పథకం మన దగ్గర లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే చాలు. ప్రమాదం, మరణం, ప్రసవం వంటి వాటికి సాయం అందుతుంది, ఎండకు పోయిన కూలికి కాదు. ఒడిశాలో 1998 వేసవి రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీసుకున్నాక, ఎండలు ముదిరినప్పుడు మధ్యాహ్నం ఆరుబయట పనులు ఆపించడం అలవాటు చేసుకున్నారు. మీరూ మీ కాంట్రాక్టరుతో మాట్లాడి, తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ఆపి, సాయంత్రం మళ్లీ ఎక్కే ఏర్పాటు చేసుకోగలరేమో చూడండి. గంటలు తగ్గవు కాబట్టి ఆయనకూ నష్టం లేదు.

మీరడిగినదానికి దగ్గరగా ఉన్నది ఒకటుంది. ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన 'సేవ' మహిళా కార్మిక సంఘం, గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లోని దాదాపు యాభై వేల మంది సభ్యులకు ఎండ బీమా చేయించింది. అందులో నష్టం అంచనా వేసే సర్వేయరు రాడు, బిల్లులు అడగరు. ఆ ప్రాంతపు ఉష్ణోగ్రత ముందుగా అనుకున్న అంకె దాటితే సొమ్ము ఖాతాలో పడుతుంది. 2024 వేసవిలో అలా పడింది కూడా, ఒక్కొక్కరికి కొన్ని వందల రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కాని ఎండకు పోయిన కూలిని నష్టంగా లెక్కించినందుకు నాకది విలువైనదిగా తోస్తుంది.

ఇలాంటిది ఇక్కడికి వస్తే మీ సంఘం వారు మొదట అడగవలసింది ఏ ఉష్ణమాపకాన్ని లెక్కలోకి తీసుకుంటారని. వాతావరణ శాఖ నియమం ప్రకారం ఉష్ణమాపకం ఆరుబయలులో, నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో ఉంటుంది. మీరు పనిచేసేది మూడో అంతస్తు శ్లాబు మీద, కింద కాగిన సిమెంటు, పక్కన కాగిన ఇనుప కడ్డీలు.